పుస్తకం మింగిన పిల్ల

దేవయ్య చెప్పే మాటల్లో నిజం పప్పులో ఉప్పంత ఉంటుందని అరబ్బు దేశంలోని అల్ ఖౌద్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఉప్పంతే కానీ, పప్పు మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. సూర్‌లో ఒకసారి ఆయన గాలానికి చిక్కిన చేప పడవను బొంబాయి దాకా ఈడ్చుకుపోయిందట. అక్కడ దిగి పాన్ కట్టించుకుని నోట్లో వేసుకున్నాడట. అది నమలడం పూర్తయ్యేలోపే అదే చేప ఆయన్ని తెచ్చి సూర్ ఒడ్డున దించిందట. ఎనభై నాలుగో సంవత్సరం ఎండల్లో తన నీడ తాళలేక తనకంటే ముందే రూమ్‌లోకి ఉరికి మంచం కింద దూరిందనీ, బతిమాలితే గానీ బయటికి రాలేదనీ మరో ముచ్చట.

అలాంటి మనిషికి ఒకనాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిన కష్టం వచ్చిపడింది. అదీ అమెరికా మేడం ముందు.

అల్ ఖౌద్ దాటి కొండల వైపు పోతే అమెరికా చదువు చెప్పే హైస్కూలు ఒకటుండేది. ఆ బడికి పునాది తవ్విన కూలీల్లో దేవయ్య ఒకడు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. పని అయిపోయి కంపెనీ అందరినీ వేరే సైట్‌కి తోలుతుంటే, "నేను పోతె ఈ గోడలు ఏడుస్తయి" అని ఆగిపోయానంటాడు. బడి ఊడ్చేందుకు ఒక మనిషి కావాలంటే అందరికంటే ముందు చెయ్యెత్తాడన్నది అసలు సంగతి.

తన ఊళ్ళో నాలుగో తరగతి వరకే చదివిన దేవయ్యకు ఆ బడి పదేళ్ళయినా వింతగానే ఉండేది. పిల్లలు ఇష్టమొచ్చిన బట్టలు వేసుకొస్తారు. వరండాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇనుప బీరువా, దానికి అంకెలు తిప్పితే తెరుచుకునే తాళం. పిల్లలు సారు ముందే కాలు మీద కాలు వేసుకుంటారు. సారు తప్పు చెప్పాడని పిల్లలంటే సారు నవ్వుతాడు! మా పంతులైతే తోలు వలిచేవాడు గదా అని దేవయ్య వీపు ఇప్పటికీ జలదరిస్తుంది.

తొంభై మూడు సెప్టెంబరులో బడి తెరిచిన మొదటి రోజు, మధ్యాహ్నం అన్నం గంట అయ్యాక ఆయన పద్నాలుగో నంబరు గది తుడవడానికి పోయాడు. ఖాళీ గదిలో ముందు బెంచీ మీద ఒక పిల్ల నిటారుగా కూర్చుని ఉంది. నీలం పావడా, తెల్ల చొక్కా, రెండు జడలు, వాటికి తెల్ల రిబ్బన్లు. జైనబీ కూతురు ఫర్జానా. జైనబీ కడపామె. ప్రిన్సిపాల్ మేడం ఇంట్లో వంట చేస్తుంది.

దేవయ్య అడుగు పెట్టగానే పిల్ల చటుక్కున లేచి నిలబడింది. "గుడాఫ్టర్నూన్ సార్!"

"నేను సారును గాదు బిడ్డా. సారు కట్టెకు కుచ్చు ఉంటదా?" అని తుడుపు కట్టె చూపించాడు దేవయ్య. "గిట్ల ఒక్కదానివే కూసున్నవేంది?"

"సారోళ్ళు వస్తారని కూర్చోనుండా తాతా. పొద్దున లెక్కల సారు వచ్చినాడు. మళ్ళా గంట కొట్టినారు. పిలకాయలంతా పోయి వేరే పిలకాయలు వచ్చినారు. సారు అదే, పాఠమూ అదే. నాలుగు తూర్లు చెప్పినాడు."

"నాలుగు తూర్లు ఇన్నవా?"

"నాలుగు తూర్లు రాసుకున్నా గూడా."

"మరి గాయన ఏమనలే?"

"నన్ను చూసి నవ్వినాడు. వెల్కం అన్నాడు. నాలుగు తూర్లూ అన్నాడు."

దేవయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి నోరు మూసుకున్నాడు. "బువ్వ తిన్నవా?"

"గంట కొట్టినారు గానీ, పోయి తినమని ఎవురూ చెప్పలా."

"ఈడ ఎవ్వలు చెప్పరు బిడ్డా. మన దిక్కు సారు మన కాడికి వస్తడు. ఈడ సారు గదిల సారు ఉంటడు, మనమే లేచి పోవాలె. గంట కొట్టంగనే లేసి నడువు, అంతే. పద, నీ కాయితం చూపియ్యి, ఏ గదికి పోవాల్నో నేను తోలుకపోత."

అలా ఆ రోజు ఊడ్చే పని వదిలేసి ఫర్జానా వెనకాల కుచ్చుకట్టె పట్టుకుని గది గదికీ తిరిగాడు దేవయ్య. చూసినవాళ్ళు ఆ పిల్లకు బంట్రోతు ఉన్నాడనుకున్నారు.

ఫర్జానా ఆ బడిలో చేరడం వెనక ప్రిన్సిపాల్ మేడం దయ ఉంది. జైనబీ మొగుడు పోయినప్పటి నుంచీ పిల్ల కడపలో మేనమామ ఇంట్లో పెరిగింది. మేడమే పూచీ ఉండి పిల్లకు వీసా తెప్పించి, బడిలో ఉచితంగా సీటు ఇప్పించింది. ఒకటే షరతు. మార్కులు 'సి'కి తగ్గకూడదు, పేరు మీద మచ్చ పడకూడదు. మచ్చ పడితే సీటు పోతుంది, సీటు పోతే వీసా పోతుంది. వీసా పోయాక మళ్ళీ మేనమామ ఇల్లు, కుట్టుమిషను. ఆ పిల్లకేమో డాక్టరు కావాలని ఉంది.

నెలన్నర గడిచింది. పిల్ల రిబ్బన్లు తీసేసింది, గంట కొట్టగానే లేవడం నేర్చుకుంది. చరిత్ర పరీక్ష వచ్చింది. మంగళవారం పొద్దున ఆ పరీక్ష జరిగే గది కిటికీ అద్దాలు బయటి నుంచి తుడుస్తున్నాడు దేవయ్య. లోపల అందరూ తలలు వంచి, పెన్నులు కొరుకుతూ, జుట్టు పీక్కుంటూ రాస్తున్నారు. ఫర్జానా మాత్రం కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఒళ్ళు ముందుకూ వెనక్కూ మెల్లగా ఊగుతోంది. కాసేపు ఊగడం, కళ్ళు తెరిచి గబగబా రాయడం, మళ్ళీ కళ్ళు మూసి ఊగడం. బల్ల మీద తెల్లకాగితాలు తప్ప ఏమీ లేవు, ఒడిలో రెండు చేతులు తప్ప ఏమీ లేవు.

దేవయ్యకు తన చిన్నప్పటి బడి గుర్తొచ్చింది. పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పేటప్పుడు తనూ ఇలాగే ఊగేవాడు. ఊగడం ఆపితే ఎక్కం ఆగిపోయేది.

బుధవారం సాయంత్రం జైనబీ సామాన్ల గది దగ్గరికి ఏడుస్తూ వచ్చింది. వెనకాలే ఫర్జానా, కాగితాలు గుండెకు ఆనించుకుని.

"చూడు దేవయ్యన్నా, నా కూతురు నా నెత్తిన మట్టి కొట్టింది! సున్నా ఏసినారు. పుస్తకం దాచిపెట్టుకోని కాపీ కొట్టిందంట. శనారం పొద్దున ఆఫీసుకు రమ్మన్నారు. కాపీ అంటే సీటు పీకేస్తారంట ఈ బళ్ళో."

"నేను కాపీ కొట్టలా అమ్మా!"

"కొట్టకపోతే చుక్కా కామా గూడా తేడా లేకుండా ఎట్ల వచ్చిందే?"

"బట్టీ పట్టినా!"

ఆ అమెరికా బడిలో ఎవరికీ తట్టని సంగతి ఇదే. కడపలో ఫర్జానా చదివిన బడిలో రామసుబ్బయ్య సారు చెప్పేవాడు, పుస్తకంలో మాట ఒక్కటి మారినా మార్కు కోత అని. ఇంట్లో ఆమె తాత హాఫిజ్. ఖురాను మొత్తం కంఠస్థం ఆయనకు. అక్షరం పొల్లుపోతే పాపమని ఆయన ఒళ్ళో కూర్చుని ఊగుతూ నేర్చుకున్న పిల్ల అది. అందుకే ఏడో పాఠం మొత్తం మింగేసి, అడిగిన చోట భయభక్తులతో కక్కింది. అది గౌరవం అనుకుంది. ఇక్కడ దాన్ని దొంగతనం అంటారని ఎవరూ చెప్పలేదు.

"నేను సూసిన జైనమ్మా," అన్నాడు దేవయ్య. "కిటికీల నుంచి నా కండ్లతోని సూసిన. పిల్ల కాడ పుస్తకం లేదు. శనారం నేనొచ్చి చెప్త."

జైనబీ కళ్ళు తుడుచుకుని ఆయన మొహం వంక చూసింది. ఆ చూపులో కృతజ్ఞత కంటే దిగులే ఎక్కువ కనపడింది. "నువ్వా అన్నా?" అంది.

రూమ్‌లో ఓంకార్ జైనబీ మింగిన మాటను మొహమాటం లేకుండా అనేశాడు. ఓంకార్ దేవయ్య ఊరివాడే, పక్క మంచం మనిషి. "నువ్వు సాచ్చెమా? నీతోని చేప గూడ వస్తదా కాకా?"

ఆ దేశంలో గురు, శుక్రవారాలు సెలవు. ఆ రెండు రోజులూ దేవయ్య నిజం చెప్పడం సాధన చేశాడు. అనుకున్నంత తేలిక కాలేదు. చెప్పిన ప్రతిసారీ నిజానికి కొమ్మా రెమ్మా మొలిచేవి.

"ఆగు కాకా," అన్నాడు ఓంకార్. "ఇందాక కిటికీ ఒక్కటన్నవు. ఇప్పుడు మూడైనయి. పిల్ల నెత్తి చుట్టు వెలుగొచ్చిందంటున్నవు. గదెక్కడిది?"

"అద్దం మీద ఎండ పడ్డదిర."

"గది తీసెయ్యి. కిటికీ ఒక్కటి. పిల్ల ఒక్కతి. పుస్తకం లేదు. గంతే చెప్పు."

"గంతే చెప్తె ఎవడింటడుర?" అని వాపోయాడు దేవయ్య.

శనివారం పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు ఆఫీసు గుమ్మం బయట విడిచి లోపలికి పోయాడు. ప్రిన్సిపాల్ మేడం, చరిత్ర చెప్పే లిండా మేడం కూర్చుని ఉన్నారు. జైనబీ గోడకు అతుక్కుపోయి నిలబడింది. ఫర్జానా మొహంలో నెత్తురు చుక్క లేదు. దేవయ్య మాటను ఇంగ్లీషులో చెప్పడానికి ఆఫీసు గుమాస్తా ఖమీస్ ఒక కుర్చీలో కూర్చున్నాడు. ఖమీస్‌కు హిందీ బాగా వచ్చు. దేవయ్య ఖర్మకొద్దీ ఖమీస్ సొంతూరు సూర్. చేప కథ విన్న రోజు, "బొంబాయిలో నీ పాస్‌పోర్ట్ మీద ముద్ర ఎవరు వేశారయ్యా?" అని నిలదీసినవాడు. "పాస్‌పోర్ట్ చేప కాడ ఉండె" అని దేవయ్య తప్పించుకున్నాడు.

"దేవయ్యా," అన్నాడు ఖమీస్ హిందీలో, "ఇది సూర్ చేప లాంటిదా, నిజమా?"

"కిటికీ ఒక్కటి సాబ్. పిల్ల ఒక్కతి. పుస్తకం లేదు."

అంతే. ఇంకేమన్నా చెబుతాడేమోనని ఖమీస్ కాసేపు ఎదురుచూశాడు. దేవయ్య పెదవులు బిగబట్టి నిలబడ్డాడు. ఆయన జీవితంలో అంత చిన్న కథ ఎప్పుడూ చెప్పలేదు.

ఖమీస్ ఇంగ్లీషులో చెప్పాడు. లిండా మేడం తల అడ్డంగా ఊపింది. మూడు పేజీలు, కామాతో సహా, ఏ మనిషికీ గుర్తుండవంది.

దేవయ్యకు ఒక్కసారిగా తన పంతులు కళ్ళ ముందు మెదిలాడు. "అప్పజెప్పిచ్చుకొమ్మను సాబ్! పుస్తకం తెరిచి యాడన్న వేలు పెట్టుమను."

ఆ బడిలో అప్పజెప్పించుకోవడమనే పని ఎవరూ ఎప్పుడూ చేయలేదు. లిండా మేడం అనుమానంగానే పుస్తకం తెరిచి ఏడో పాఠం మధ్యలో ఒక ముక్క చదివి ఆపింది. ఫర్జానా చేతులు కట్టుకుంది, కళ్ళు మూసుకుంది. ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. ఇక చూడండి, వాన కురిసినట్టు! ఓడలెక్కి సముద్రం దాటినవాళ్ళు, వాళ్ళు దిగిన రేవులు, తేదీలు, ఊళ్ళ పేర్లు. "పక్క పేజీలో పటం చూడుము" అని కూడా చెప్పింది. బొమ్మ కింద రాసింది చెప్పింది. పేజీ అడుగున ఉన్న అంకె చెప్పి, పేజీ తిప్పినట్టు చెయ్యి కదిలించి, ముందుకు సాగింది. లిండా మేడం వేలు పుస్తకంలో వరస వెంబడి పరుగెడుతూ అందుకోలేకపోయింది.

"చాలు, చాలు!" అంది ప్రిన్సిపాల్ మేడం.

ఫర్జానా కళ్ళు తెరవకుండానే, ఈ పేరా అయిపోనివ్వండి, సగంలో ఆపకూడదు అని ఇంగ్లీషులో వేడుకుంది. అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. జైనబీ కొంగు నోట్లో కుక్కుకుంది.

లిండా మేడం పుస్తకం మూసింది. తర్వాత ఆ కాగితం మీది సున్నాను ఎర్రగీతతో కొట్టేసి మెల్లగా మాట్లాడింది. ఖమీస్ దేవయ్యకు హిందీలో చెబుతూ వచ్చాడు. "నువ్వు దొంగవు కాదమ్మా, తప్పు నాదే అంటోంది. కానీ మనుషులు పుట్టిన నేల విడిచి పరాయి నేలకు ఎందుకు పోతారని నేను నిన్ను అడిగాను, నువ్వేమో పుస్తకాన్ని పలికించావు. పుస్తకం ఏమనుకుంటుందో నాకు తెలుసు. నువ్వేమనుకుంటున్నావో తెలీదు. బుధవారంలోగా మళ్ళీ రాసివ్వు, పుస్తకంలో వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదంటోంది. దానికి మార్కు వేస్తుందట. సీటు సంగతి ఆ మార్కును బట్టే అంటోంది పెద్ద మేడం."

దేవయ్య బతికాంరా అనుకున్నాడు. ఫర్జానా మొహం చూస్తే మాత్రం ఉరిశిక్ష పడినట్టుంది.

ఆ సాయంత్రం పిల్ల నోటుబుక్కు పట్టుకుని సామాన్ల గది ముందు కూలబడింది. "సొంతంగా రాయాలంట తాతా. నాకేం తెల్సని సొంతంగా రాసేది? తప్పు రాస్తే?" అంతలో తలెత్తి, "నువ్వెందుకొచ్చినావు ఈ దేశానికి?" అంది.

అడగడమే ఆలస్యం. "నేనా? మా ఊర్ల సుడిగాలి లేసింది బిడ్డా. నా నెత్తి మీది రుమాలు ఎగిరిపోయింది. దాని ఎంట ఉరికిన. జగిత్యాల దాటింది, బొంబాయి దాటింది. సముద్రంల నేను మోకాలి లోతు నీళ్ళల్ల ఉరుకుతనే ఉన్న. ఈడి బర్కా ఊర్ల ఖర్జూరం చెట్టుకు చిక్కింది రుమాలు. తీసి నెత్తికి కట్టుకునే లోపట ఎవడో చేతిల పార పెట్టిండు..."

పిల్ల అంతా రాసుకుంది. మర్నాడు సాయంత్రం వచ్చి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊగుతూ మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పింది. ఆయన దగ్గిన చోట దగ్గింది కూడా.

దేవయ్యకు మొదటిసారి తన కథ విని నవ్వు రాలేదు. తన చొక్కా వేరేవాళ్ళ ఒంటి మీద వేలాడుతున్నట్టనిపించింది. "వద్దు బిడ్డా," అన్నాడు. "నా అబద్దం నా నోట్లెనే బాగుంటది. గది నీ కాయితం మీదికి రావద్దు."

"మరి నిజం చెప్పు తాతా."

దేవయ్య కుచ్చుకట్టె గోడకు ఆనించాడు. పిల్ల పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"వరుసగ మూడేండ్లు వానలు లేకుండె. బావి ఎండింది. వచ్చిన. గంతే. విమానం దిగినంక ఏజెంటు చెప్పిండు, కంపెనీ మనిషి వచ్చి నిన్ను తోలుకపోతడు, కూసో అని. కూసున్న. పొద్దుందాక కూసున్న. నాతోని వచ్చినోళ్ళందరు బయటికి పోయిండ్రు. బయట కంపెనీ మనిషి బోర్డు పట్టుకొని నిలబడ్డడట. నేను లోపట్నే కూసున్న. లేచి పోవాల్నని నాకు ఎర్క లే. రెండో దినం ఊడ్సేటోడు ఒకడు వచ్చి చెయ్యి పట్టి బయటికి తీస్కపోయిండు."

ఫర్జానా కళ్ళు పెద్దవయ్యాయి. "నా మాదిరే!"

"నీ మాదిరే బిడ్డా."

"ఇది అబద్దమా తాతా?"

"అబద్దమైతె గింత సప్పగ ఉంటదా?"

పిల్ల కిలకిలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. పద్నాలుగో నంబరు గది వైపు చూసింది. తర్వాత నోటుబుక్కు మోకాళ్ళ మీద పెట్టుకుంది. దేవయ్య ఓరగా గమనించాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు, ఒళ్ళు ఊగలేదు. తల వంచి, పెన్ను కొరుకుతూ, రాసింది కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ అచ్చం ఆ బడి పిల్లల్లాగే జుట్టు పీక్కుంది. దేవయ్య సద్దు చేయకుండా లేచి, వరండా రెండోసారి తుడవడానికి పోయాడు.

బుధవారం కాగితాలు ఇచ్చేసింది. మళ్ళీ గురు, శుక్రవారాలు. జైనబీ ఆ రెండు రోజులూ మేడం ఇంటి కూరల్లో ఉప్పు వేయడం మరిచిపోయిందట. దేవయ్య కథలు చెప్పడం మానేశాడు. ఓంకార్‌కు భయం వేసి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

శనివారం పదకొండు గంటలప్పుడు దేవయ్య ఆఫీసు ముందు ఖమీస్‌తో పాటు నిలబడి ఉండగా, వరండా ఆ చివర నుంచి ఫర్జానా పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో కాగితాలు, నిండా ఎర్రసిరా. అన్ని ఎర్రగీతలు చూసి సీటు పోయిందనుకున్నాడు దేవయ్య.

"బి మైనస్ తాతా!"

"గదేంది? సి కంటె మీదిదా, కిందిదా?"

"మీదిదే! సీటు ఉంటాది. పెద్ద మేడం ఇప్పుడే చెప్పింది. అమ్మకు గూడా చెప్పి పంపింది." పిల్ల రొప్పుతోంది. "లిండా మేడం అందరి ముందరా చదివింది. 'మా ఊళ్ళో పాఠం మా దగ్గరికి నడిచి వచ్చేది. ఇక్కడ పాఠం దగ్గరికి మేమే నడవాలి. నడవాలని ముందుగా చెప్పేది మాత్రం ఊడ్చేవాళ్ళే' అని రాసినా గదా, ఆడికొచ్చి ఆగి మళ్ళా చదివింది."

దేవయ్య కుచ్చుకట్టె అటునుంచి ఇటు మార్చుకున్నాడు. "మరి గీ ఎర్రగీతలేంది?"

"తప్పులు తాతా. పదకొండు." జీవితంలో ఒక్క తప్పు లేని కాగితాలు తప్ప ఇంటికి తీసుకుపోని ఆ పిల్ల, ఒక్కొక్క ఎర్రగీత మీద వేలు పెట్టి చూపించింది. "పుస్తకంలోది ఒక్కటి గూడా లేదు. అన్నీ నావే."

గంట మోగింది. ఎవరూ చెప్పకముందే పిల్ల కాగితాలు మడిచి, జనంలో కలిసి, తన గది వైపు వడివడిగా నడిచిపోయింది.

ఆమె కనుమరుగయ్యేదాకా చూసి దేవయ్య ఖమీస్ వైపు తిరిగాడు. "సూసినవా సాబ్? ఆ దినం ఆఫీసుల పుస్తకం మొత్తం అప్పజెప్పింది. అయిపోయినంక ఎనుక నుంచి ముంగటికి ఇంకోసారి అప్పజెప్పింది. మేడం చేతిలున్న పుస్తకం సిగ్గుపడి దానంతట అదే మూసుకున్నది!"

"నేను అక్కడే ఉన్నాను కదయ్యా," అన్నాడు ఖమీస్.

"ఉంటె ఉన్నవు. నువ్వు కుర్సీల కూసున్నవు," అన్నాడు దేవయ్య, కుచ్చుకట్టె బకెట్‌లో ముంచుతూ. "నిలబడ్డోనికే కనపడ్డది."